మంచులో మా మామ నిలుచున్న చోటు

మొన్న పొద్దున మా మనవరాలు బద్వేలు దారిలో కారాపి, కొండల నడుమ మంచు కమ్మిన అడవిని ఫోటో తీసి నా ఫోనుకు పంపింది. బాగుందని జవాబు రాయబోయి, కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూసేసరికి జవాబు సంగతి మరిచిపోయి, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

మన సీమలో మంచంటే ఏడాదికి నాలుగైదు పొద్దులు పడితే గొప్ప. నీళ్లు గడ్డకట్టే చలి మనమెరగం, దుప్పటి కప్పుకుని రెండు దగ్గులు దగ్గితే అదే మనకు పెద్ద చలికాలం. ఆ నాలుగైదు పొద్దుల కోసం మా మామ, అంటే మా ఆయన తండ్రి, ముప్పై ఏళ్లు కాచుకుని కూర్చున్నారంటే నా ఈడు వాళ్లు కూడా నమ్మకపోవచ్చు. మైదుకూరులో మాది ఫోటో స్టూడియో. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లిళ్లు, బారసాలలు, పరీక్షలకు కట్టే పిల్లల ఫోటోలు అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే కానీ, తన కోసమని ఆయన తీసుకున్నది ఒక్కటీ లేదు. బద్వేలు దారిలోని ఆ లంకమల అడవినే మంచులో తీయాలని ఆయన కోరిక. మంచు పడిన పొద్దున ఫోటో కోసం ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవారు, బేరం వదులుకునే ధైర్యం ఆయనకుండేది కాదు.

చివరికి ఆయనకు తీరిక దొరికేటప్పటికి చూపు పోతోంది. డాక్టర్లు కంట్లో నీటికాసులన్నారు, పోయిన చూపు తిరిగి రాదన్నారు, మిగిలింది కూడా ఏడాదికి మించి నిలవదన్నారు. ఆ ఏడాది ధనుర్మాసం, ముహూర్తాలు లేక స్టూడియో ఖాళీగా ఉంది. ఒక సాయంత్రం మామ నన్ను పిలిచి, రేపు అడవికి పోదాం, నీ కళ్లు అప్పియ్యమ్మా అన్నారు. మా ఆయన్ని కాదని నన్నే ఎందుకు పిలిచారంటే, స్టూడియోలో నెగటివ్‌లకు టచింగ్ చేసేది నేను. నా చూపు సూది మొన లాంటిదని ఆయన పది మందిలో చెప్పేవారు, నేను లోపల మురిసిపోయేదాన్ని.

టచింగ్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. నెగటివ్‌లో నలుపూ తెలుపూ తిరగబడి ఉంటాయి కదా, మొహం మీది మచ్చ అక్కడ పలచగా, ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీని సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్కచుక్కగా పూడిస్తే, కాగితం మీద మచ్చ మాయమవుతుంది. ఆ పని మొదలుపెట్టాక ఎక్కడ పలచని మరక కనబడినా నా చెయ్యి ఊరుకునేది కాదు. మా అత్త నన్ను చూసి, చందమామ నెగటివ్ దొరికితే దాన్ని కూడా కడిగిన గిన్నె చేసేస్తావని ఎగతాళి చేసేది.

మొదటి బస్సుకు పోయి అడవి అంచున దిగాం. ఎర్రచందనాలు, చండ్ర చెట్లు, వాటి మధ్య వెదురు పొదలు. పది అడుగుల అవతల ఏమీ లేదు. అంత తక్కువ వెలుతురులో షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో మామ లెక్క వింతగా ఉండేది. అరచెయ్యి చాపి, గీతలు కనపడతాండాయా అని నన్నడిగేవారు. సగమే కనిపిస్తున్నాయంటే రెండు సెకన్లు అనేవారు. మంచులో ఫోకస్ పెట్టడానికి నాకు ఆనవాలు దొరక్కపోతే, ఆయనే చెట్టుచెట్టూ తడుముకుంటూ పోయి ఒకచోట నిలబడేవారు. ఆయన తలగుడ్డ మీద నేను ఫోకస్ పెట్టాక పక్కకు తప్పుకుని, నొక్కమని కేకేసేవారు. అలా పదకొండు తీశాం. పన్నెండోది, ఆఖరిది, తీసేటప్పటికి మంచు ఇంకా దట్టమైంది. తలగుడ్డ కూడా కనపడటం మానేసింది. కేక వినబడగానే నొక్కాను.

పదకొండూ చేతి వణుకుకో చెమ్మకో పాడయ్యాయి. పన్నెండోది మాత్రం మామ ముప్పై ఏళ్లు కోరుకున్న ఫోటో. దాని నెగటివ్‌లో రెండు మానుల నడుమ ఒక పలచని మరక ఉంది. ఫిల్ము కడిగేటప్పుడు పడిందనుకుని, మామ కోసం ఫోటో పరిశుభ్రంగా ఉండాలని ఒక మధ్యాహ్నమంతా కూర్చుని పూడ్చేశాను. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది. పెద్దది ప్రింటు వేసి ఆయన చేతిలో పెట్టాను.

అప్పటికి ఆయనకు వెలుగూ చీకటీ తప్ప తెలియడం లేదు. ఫోటోను వేళ్లతో నిమిరి, “నేను యాడ ఉండానమ్మా? ఆఖరిదాంట్లో నేను పక్కకు రాల్యా. ఊరందరినీ తీస్తి, నన్ను తీసినోడు యాడ ఉండాడు? అందుకని ఆడనే నిలబడితి” అన్నారు.

మరకనుకుని నేను పూడ్చేసింది ఆయన్నే. ఆయన వేలు పట్టుకుని ఆ రెండు మానుల నడుమ పెట్టి, ఈడ మామా అన్నాను. ఆయన తృప్తిగా తలాడించారు. ఆ అబద్ధం నన్ను అన్నం తిననివ్వలేదు. టర్పెంటైన్‌లో ముంచిన దూదితో నెగటివ్ మీది పెన్సిలంతా తుడిచేసి, మళ్లీ ప్రింటు వేసి, చప్పుడు కాకుండా మంచం పక్కనున్న పాతదాని బదులు పెట్టబోయాను. ఆయన కళ్లు పోయాయి కానీ ముక్కు పోలేదు.

“టర్పెంటైన్ వాసన వస్తాండాదే. ఏం తుడిచినావు?”

ఏడుస్తూ చెప్పేశాను. తిడతారనుకున్నాను. మామ దగ్గు వచ్చేదాకా నవ్వారు. “నన్ను మచ్చ అనుకుంటివా. సరే, ఈ ఒక్క మచ్చను ఉండనీ తల్లీ” అన్నారు.

ఆయన పోయినప్పుడు దండ వేయడానికి ఇంట్లో ఆయనది ఇంకో ఫోటో లేదు. అందుకే మా హాల్లో దండ వేసిన పటంలో వచ్చినవాళ్లకు చెట్లే కనిపిస్తాయి. దగ్గరికి పిలిచి చూపిస్తే గానీ మనిషి తెలియడు.

ఇప్పుడు ఇంటింటికీ వేల ఫోటోలు, మొహం మీది ముడతలు ఫోనే తీసేస్తుంది, పెన్సిల్ చెక్కే పని లేదు. మనవరాలు పంపిన అడవిని చూస్తూ నేను అనుకున్నది మాత్రం వేరే. చిన్నప్పుడు అమ్మవారు పోసి మా అమ్మ బుగ్గల మీద మచ్చలుండేవి. అమ్మకున్న ఒకే ఒక ఫోటోకు టచింగ్ చేసింది నేనే, ఎంతో ప్రేమగా, రెండు రోజులు కూర్చుని. పోయిన నెల మా చెల్లెలు ఆ ఫోటో చూస్తూ, అమ్మకు మచ్చలు ఏ బుగ్గ మీద ఎక్కువక్కా అని అడిగితే, నేను చెప్పలేకపోయాను.