జక్కయ్యగారి మెరిసే చుక్క

మా జక్కయ్యగారు ఎదురైతే జనం నమస్కారం పెట్టరు, నోరు గట్టిగా మూసుకుంటారు. కంటబడిన ప్రతి మనిషి బుగ్గనీ లోపలినుంచి పుల్లతో గీకడం ఆయన అలవాటు.

డెబ్భై నాలుగులో బెజవాడలోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయన ల్యాబ్ టెక్నీషియన్, నేను కాంపౌండర్ని. గీకినదాన్ని గాజుపలక మీద పులిమి, పసుపుపచ్చటి మలేరియా మందు పట్టించి, చీకటిగదిలో నీలికాంతి మైక్రోస్కోపు కింద పెట్టేవారు. ఆ మందు కణంలోని డి.ఎన్.ఎ.ని పట్టుకుని వెలుగుతుంది. మగవాళ్ళ కణాల్లో ఒక చుక్క మరీ మెరుస్తుంది. ఆడవాళ్ళకి ఆ చుక్క ఉండదు.

ఉయ్యూరు బస్సులో కండక్టరు "టిక్కెట్టండీ" అన్నాడు. "తీసుకుంటాను గానీ, ఓసారి 'ఆ' అనండి" అన్నారు ఈయన. పాపం, అన్నాడు.

నర్సు హన్నాని చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు కాఫీ తాగకముందే దొరికిపోయాడు. "చుక్క బాగుందమ్మా, చేసుకో" అని హన్నాకి సలహా కూడా ఇచ్చారు.

ఒకరోజు పొద్దున్నే కొల్లేరు నుంచి వచ్చిన కొండలమ్మ నాలుగో ఆడపిల్లని కన్నది. అత్తగారు రత్తమ్మ వరండాలోనే తేల్చేసింది. "దీన్ని పుట్టింటికి పంపేసి మావోడికి ఇంకో పిల్లని చూస్తాం."

కొండలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

జక్కయ్యగారు పుల్లలతో వచ్చి అత్తనీ, కోడలినీ, కొడుకు కాశీరావునీ వరసగా గీకేశారు. తర్వాత రత్తమ్మని చీకటిగదిలోకి తీసుకెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

"ఇది మీ కోడలిదమ్మా. చుక్క ఉందా?"

"లేదయ్యా."

"ఇది మీది."

"నాకూ లేదు."

"ఇది మీ అబ్బాయిది."

రత్తమ్మ చాలాసేపు చూసింది. "ఉందయ్యా. మిణుగురులా ఉంది."

"అది బిడ్డకి అందితేనే మగపిల్లాడు. మీ కోడలు తన దగ్గర లేనిది ఎక్కణ్ణించి తెచ్చిస్తుంది?"

రత్తమ్మ బయటికొచ్చి కాశీరావు నెత్తిన ఒక్కటిచ్చింది. "నాలుగుసార్లూ దాచుకున్నావంట్రా?"

"అతని చేతిలోనూ లేదమ్మా" అని జక్కయ్యగారు అడ్డుపడేలోపే రెండోది కూడా పడింది.

"ఇందుకేనా ఇన్నాళ్ళూ ఊరందరి బుగ్గలూ గీకారు?" అని అడిగాను.

"రెండేళ్ళుగా ఆ కాన్పుల వార్డులో ఇదే ఏడుపు వింటున్నానండీ. ఒక్క ఆడమనిషికి చుక్క ఉన్నా, ఒక్క మగాడికి లేకపోయినా ఇలాంటి అత్తగార్లు నన్ను నమ్ముతారా? ముందు నాకు రూఢి కావద్దూ?"

మనవరాలిని రత్తమ్మే ఎత్తుకుని బస్సెక్కింది. పై వారం మళ్ళీ వచ్చింది, తమ ఊరి అత్తగార్లని ముగ్గురినీ, వాళ్ళ కొడుకుల్నీ వెంటబెట్టుకుని. కొడుకులు మాత్రం కాస్త దూరంగా నడుస్తున్నారు.