సూదాయన ఇచ్చిన పొడి

సూదాయన తన నీడను కూడా నమ్మడు. తలుపు తాళం మూడుసార్లు లాగి చూస్తాడు, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు. రాతి గనిలో పలకల మధ్య, ఎప్పుడో చచ్చి రాయైపోయిన చేపలూ తూనీగలూ దొరుకుతాయి. చుట్టూ ఉన్న రాతిని సూదితో గీకి, ఎముక చెదరకుండా వాటిని బయటికి తీయడం ఆయన పని. ముప్పయ్యేళ్లుగా అదే కిటికీ, అదే బల్ల, అదే భూతద్దం. గీకిన పొడి మాత్రం పారెయ్యడు. ఏ రాతి పొడిని ఆ రాతి పేరుతో పొట్లం కట్టి దాస్తాడు. పొడి చూస్తే రాయి ఎక్కడిదో చదువుకున్నవాళ్లు చెప్పేస్తారట.

ఆ బల్లి ఆయన భార్యకు దొరికింది. గనిలో పలకలు చీల్చే పని ఆమెది. అరచేయంత రాతిలో వేలెడంత బల్లి, దాని కడుపులో ఇంకా పుట్టని పిల్ల! శుభ్రం చేయడానికి నాలుగు నెలలు పట్టింది. పిల్ల తోక బయటపడ్డ రోజున ఆమె బల్ల పక్కనే కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"దీన్ని ఎవడింటికీ పంపొద్దు. మ్యూజియంలో పెట్టాలి. పదిమందీ చూడాలి, నేనూ వెళ్లి చూసుకోవాలి," అంది.

"సరేలే," అన్నాడు సూదాయన.

ఇంతలో ఇలాంటి రాళ్లు అమ్మిపెట్టే దళారి వాసన పట్టేశాడు. "పెద్ద ఆసామి ఒకాయన హాల్లో పెట్టుకుంటాడు బాబాయ్. మ్యూజియం వాళ్లకిస్తే ఏమొస్తుంది? ముందు రాయి పట్టుకుపోతారు, తర్వాత గని మూయిస్తారు. పడమటి గోతికి కంచె వేయించింది వాళ్లు కాదూ?" అన్నాడు. ఆ మాట సూదాయన చెవిలో జోరీగలా దూరింది.

మర్నాడు, భార్య పంపిన కబురు అందుకుని మ్యూజియం మేడం వచ్చింది. భూతద్దంలో చూసి, ఫొటోలు తీసుకుంది. "బాబాయ్ గారూ, ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదు. తప్పకుండా తీసుకుంటాం. పక్కన మీ ఇద్దరి పేర్లూ రాయిస్తాను. గీకిన పొడి ఉందా?"

పొడి అనగానే ఆయన గుండెల్లో రాయి పడింది. ఇదా సంగతి! బల్లి వంక పెట్టి గని కూపీ లాగుతోందన్నమాట. "లేకేం, ఉంది," అంటూ లోపలికెళ్లి, వాగొడ్డున దొరికిన పాత చేప తాలూకు పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. భార్యకు కూడా చెప్పలేదు. మహా తెలివిగా చేశాననుకుని ఆ పూట కడుపునిండా తిన్నాడు కూడా!

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పొడికీ ఫొటోల్లోని రాయికీ పొంతన లేదట. రెండు రాళ్ల ముక్కలు అతికించారేమోనని అనుమానమట. తీసుకోలేరట.

సూదాయన అసలు పొట్లం పట్టుకుని పరుగున వెళ్లాడు. జరిగింది చెప్పి కాళ్లావేళ్లా పడ్డాడు. "కావాలంటే ఆ రాయినే గీకి చూసుకోండమ్మా!"

మేడం ముఖం వాడిపోయింది. "చూస్తే ఏ గని రాయో తెలుస్తుందండీ. గనిలో ఏ చోట, ఎలా దొరికిందన్నదానికి మీ మాటే సాక్ష్యం. ఆ మాటే ఒకసారి అబద్ధమైంది. మా పెద్దలు ఇక ఒప్పుకోరు, బాబాయ్ గారూ." పొట్లం విప్పకుండానే తిరిగిచ్చింది.

ఇంటికొచ్చి తలదించుకుని భార్యకు చెప్పాడు. ఆమె అరవలేదు. "ఆమెని నమ్మలేదు, పోనీ. దళారిగాణ్ణి నమ్మావు, అదీ పోనీ. నన్నొక్క మాట అడగడానికేమైంది?" అంది.

పోనీ బల్లిని ఇంట్లోనే ఉంచుకున్నారా అంటే, అదీ లేదు. దొంగలొస్తారని సూదాయనకు కంటిమీద కునుకు లేదు. పదోరోజున తనే దళారికి కబురు పెట్టాడు. వాడు బల్లిని దూదిలో చుడుతుంటే ఆమె అడిగింది, "ఆ ఇంటికెళ్లి ఒక్కసారి చూడనిస్తారా బాబూ?"

"గేటు దగ్గరే ఆపేస్తారు పిన్నీ," అని నవ్వాడు వాడు.

మొన్న ఆమెకు గనిలో తూనీగ దొరికింది. చూస్తానంటూ సూదాయన చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. "ముందు మేడం గారికి చూపించొస్తా," అని తన పెట్టెలో పెట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ పెట్టెకు తాళం వేయడం ఆయన చూడడం అదే మొదటిసారి.