మొలతాడుకి కట్టిన బ్రేకు తీగ

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, ఆగిరిపల్లి దగ్గర మా మామిడి తోటలోకి ఎద్దుల బదులు పవర్ టిల్లర్ వచ్చింది. వెనక సీటు మీద కూర్చుని, రెండు హ్యాండిళ్ళు పట్టుకుని దున్నే బండి. దాన్ని మా బాబాయి తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన దర్జా అలాంటిది మరి.

ఒకరోజు వంగిన కొమ్మ ఛాతీకి తగిలి బాబాయి వెనక్కి పడ్డాడు. బండి ఆగలేదు. మనిషి లేకుండానే, కలుపు తీస్తున్న ఆడకూలీల మీదికి వెళ్ళింది. వాళ్ళు కేకలేస్తూ పరుగెత్తారు. చివరికి ఒక చెట్టు మొదలుకి గుద్దుకుని, అక్కడే నేలను తవ్వుతూ ఉండిపోయింది. బాబాయి దుమ్ము దులుపుకుని, "ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాలే" అనేశాడు.

మా నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. "నీ జాగ్రత్త సీటు మీద ఉన్నంతసేపేరా. నువ్వు కింద పడ్డాక బండికి ఎవడు చెప్తాడు?"

హ్యాండిల్ పక్కనున్న మీటను వెనక్కి లాగితే ఇంజను ఆగుతుంది. ఆవిడ మర్నాడే సైకిల్ బ్రేకు తీగ తెప్పించి, ఒక కొసను కొక్కెంలా వంచి మీటకు తగిలించింది. రెండో కొస బాబాయి మొలతాడుకి కట్టాలంది. మనిషి పడితే తీగ మీటను లాగుతుంది, ఆ వెంటనే కొక్కెం ఊడి మనిషిని వదిలేస్తుంది.

"తాడేసి కట్టడానికి నేనేమన్నా దూడనా అమ్మా? కూలోళ్ళు నవ్వుతారు."

"దూడయినా గడ్డి కనబడితే ఆగుతుందిరా. నీ బండికి ఆ బుద్ధి కూడా లేదు. అయినా ఆ నవ్వేవాళ్ళనే కదా నిన్న తొక్కించబోయావు!"

నేనైతే ఇంకో గంట వాదించేదాన్ని. ఆవిడ మాట కట్టిపెట్టి, గోనెసంచిలో మట్టీ ఎండుటాకులూ కూరి, బాబాయి పాత చొక్కా తొడిగింది. దాని నడుముకి కొత్త మొలతాడు కట్టి, తీగ ముడేసి, సీటు మీద కూర్చోబెట్టింది. పక్కన నడుస్తూ బండి నడిపించి, సంచిని తోసెయ్యమని బాబాయికే చెప్పింది.

మొదటిసారి కొక్కెం ముందే జారిపోయింది. బాబాయి పరుగెత్తి బండిని పట్టుకుని, "చూశావా నీ కొక్కెం!" అన్నాడు.

"చూశాను. వంపు చాల్లేదు" అని కటింగ్ ప్లేయర్ అందుకుంది.

రెండోసారి సంచి పడుతూనే ఇంజను దగ్గి ఆగిపోయింది. దున్నిన మట్టిలో బాబాయి చొక్కా బోర్లా పడి ఉంది. కూలీల్లో ఒక్కరూ నవ్వలేదు. బాబాయి దానివైపు చూసి, ఒంటిమీది చొక్కా పైకెత్తి, "కట్టమ్మా" అన్నాడు.

నా నోటికి జడిసేవాళ్ళు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ "నేను జాగ్రత్తగానే ఉంటాలే" అని ఎవరైనా అంటే ఈ రోజుకీ నాకు ఒళ్ళు మండుతుంది. హెల్మెట్ లేకుండా బయల్దేరిన మా ఆయన్నయినా సరే, జాగ్రత్త తప్పిన మరుక్షణం సంగతేంటండీ అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా గుమ్మంలోంచి జరగను.