వేళ్ల వెనక వేడి

ముందు చేతులు రుద్దుకునే చప్పుడు వినబడేది. ఎండుటాకులు తమలో తాము ఏదో చెప్పుకుంటున్నట్టు, వార్డు తలుపు అవతల. ఆ తర్వాత ఆమె వచ్చేది. పొట్టి మనిషి, మడమల దగ్గర అరిగిన తెల్లచెప్పులు, చెవి వెనక నెరిసిన పాయ. చల్లటి చేత్తో తాకితే ఎవరి ఒళ్లయినా వేడిగానే తోస్తుందని, చేతులు వెచ్చబెట్టుకుంటేగాని రోగిని ముట్టుకునేది కాదు. నడివేసవిలోనూ అంతే. అందుకే రోగులు ఆమెను చలి సిస్టర్ అనేవారు.

మా పెదనాన్న దర్జీ. కాలి పుండు చీముపట్టి ఆ వార్డులో చేరాడు, తోడు నేనున్నాను. ఎడమచేతిలో నరం దొరక్క, పొడిచిపొడిచి చివరికి కుడి ముంజేతిలో సూది పెట్టారు. సెలైనూ మందులూ దాంట్లోంచే. కత్తెర పట్టే చెయ్యి అది.

చలి సిస్టర్ వచ్చీరాగానే దుప్పటి తొలగించేది. సూది మీది పలచటి ప్లాస్టర్‌లోంచి తొంగిచూసి, వేళ్ల వెనకభాగంతో సూది దగ్గర్నుంచి మోచేతి దాకా మెల్లగా రాసేది. నిద్రపోతున్న పిల్ల బుగ్గ నిమిరినట్టుండేది. తర్వాత ఆయన రెండో చెయ్యి కూడా అలాగే తాకి, పోల్చుకునేది.

"సూది పెట్టిన నరం వాస్తే ఎర్రబడి కనపడదా సిస్టర్?" అని అడిగాను ఒకసారి.

"నల్లటి చేతుల మీద ఎరుపు తొందరగా తెలీదమ్మా. వేడి ముందొస్తుంది. ముట్టుకుంటే నొప్పి. ఊరుకున్నామా, నరం దారంలా గట్టిపడుతుంది."

"దారమైతే నాకివ్వు, ఎక్కించుకుంటా," అన్నాడు పెదనాన్న.

"ఆ దారం ఎక్కితే నీ కత్తెర దిగిపోతుంది పెద్దాయనా. నొప్పుందా?"

"అబ్బే, దోమ కుట్టినంత కూడా లేదు."

ఆయన ఎప్పుడూ అదే చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి పెదనాన్న ముంజేతి మీద చాలాసేపు నిలిచిపోయింది. రెండో చెయ్యి తాకింది. మళ్లీ మొదటిది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు వాళ్లిద్దరి చేతుల మీదా ఒకేలా పడింది, ఏ చెయ్యి ఎవరిని అడుగుతోందో తెలియకుండా. చివరికి ఆమె నా వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వోసారి ముట్టుకుని చూడు."

తాకాను. సూదికి పైన ఒక చోట, ఇస్త్రీపెట్టె ఇప్పుడే లేపిన గుడ్డలా ఉంది.

"ఇక్కడ కాలుతోంది సిస్టర్."

ఆమె కళ్లు మూసుకుంది. "పొద్దున కూడా ఉండే ఉంటుంది. నేను బాగుందని చెప్పాను."

"పొద్దున్నుంచీ ఉందిలే," అన్నాడు పెదనాన్న గోడవైపు చూస్తూ.

"మరి చెప్పవేం?"

"చెప్తే ఇది పీకి మళ్లీ పొడుస్తారుగా. పెనం మీంచి పొయ్యిలో పడటం దేనికని."

ఆమె సెలైన్ ఆపి సూది తీసేసింది. చేతి కింద తలగడ పెట్టి, వెచ్చటి గుడ్డ కప్పి, డాక్టరుకు కబురు పంపింది. ఎడమచేతిలో ఇంకో నర్సు కష్టపడి నరం పట్టుకుంది. సాయంత్రానికి వేడి కాస్త తగ్గింది. పెదనాన్న గాల్లోనే రెండు వేళ్లతో గుడ్డ కత్తిరించి చూసుకున్నాడు.

వరండాలో చెయ్యి కడిగే కొళాయి దగ్గర ఆమె ఒంటరిగా నిలబడి ఉంది. నీళ్లు వేళ్ల మీంచి జారుతున్నాయి.

"ఈ నీళ్లు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా?" అంది.

"చల్లగా ఉన్నాయి."

"చూశావా, నాకు తెలీలేదు. షుగర్ తెచ్చిన మొద్దు ముందు పాదాల్లోకొచ్చింది, ఇప్పుడు వేళ్లలోకి. మొన్న ఇంట్లో వేడిగిన్నె పట్టుకుంటే బొబ్బ లేచాక తెలిసింది. వేళ్ల వెనకభాగం ఇంకా చెబుతోందిలే అనుకున్నా. ఇవాళ అదీ చెప్పలేదు."

కొళాయి కట్టేసింది. "మా అమ్మాయికి చిన్నప్పుడు జొరమొస్తే దుప్పటి మీంచే తెలిసేది నాకు. నేను నేర్చిన పనల్లా ఇదే. చెప్తే వార్డు పోతుంది. చెప్పకపోతే ఎవరి చెయ్యో పోతుంది."

మర్నాడు పొద్దున ఎండుటాకుల చప్పుడు రాలేదు. కొత్త నర్సు వచ్చి మంచం కాళ్ల దగ్గరే నిలబడి, "నొప్పుందా తాతా?" అంది. పెదనాన్న లేదన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

కాసేపటికి చలి సిస్టర్ వచ్చింది. హెడ్ సిస్టర్‌కు అంతా చెప్పేసిందట. ఇక మందుల గదిలో పని. చేతులు రుద్దుకోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండూ వెనక్కి కట్టుకుంది.

"చలి తగ్గిందా సిస్టర్?" అన్నాడు పెదనాన్న.

ఆమె నవ్వలేదు. ఆయన ఎడమచేతిని కాసేపు చూసింది, తాకలేదు. తలుపు దాకా వెళ్లి నావైపు తిరిగింది.

"మీ పెదనాన్నని నొప్పుందా అని అడక్కమ్మా, లేదనే అంటాడు. నువ్వే ముట్టుకుని చూస్తుండు. ముందు చేతులు రుద్దుకో."