తొమ్మిది గజాల మాట

మొన్న మా మనవరాలు ఫోన్లో ఆఫీసు వాళ్లతో మాట్లాడుతూ 'హోల్ నైన్ యార్డ్స్' అనగానే తాగుతున్న టీ పక్కన పెట్టేశాను. ఏమీ మిగల్చకుండా మొత్తం అని దానర్థం. నేనది మొదట విన్నది ఎనభైల చివర్లో, ఒమన్‌లో ఇబ్రి దగ్గర మా కంపెనీ సైట్లో.

అక్కడ నేను గుమస్తాను, పెద్ద ఇంజినీరు అమెరికా ఆయన. ఆయన వాడే వింత మాటలన్నీ హాజరు పుస్తకం చివరి పేజీల్లో రాసుకోవడం నాకొక పిచ్చి. ఉజ్జాయింపు లెక్కను 'బాల్‌పార్క్ ఫిగర్' అంటారనీ, అది వాళ్ల బేస్‌బాల్ మైదానంలోంచి వచ్చిందనీ ఒకసారి ఆయనే చెప్పాడు. డ్యూటీ సంగతి తప్ప సారును ఇంకేమీ అడిగే అలవాటు మాకు లేదు కాబట్టి, మిగతా మాటల పుట్టుక రూములో కలిసుండే తెలుగువాళ్లం మేమే కల్పించుకునేవాళ్లం.

సారు తరచూ అనే ఈ తొమ్మిది గజాలు ఎక్కడివని ఒక శుక్రవారం, సెలవు రోజున, వాదన లేచింది. తన కాంక్రీటు బండిలో పట్టే మాలు తొమ్మిది ఘనపు గజాలే కనుక అది సైటు మాటేనని హైదరాబాదు డ్రైవర్ భాయ్ తేల్చేశాడు. అప్పుడు మూలన పడుకున్న ఆదిలాబాదు మేస్త్రి లేచి కూర్చుని, అది మా అమ్మ చీర అన్నాడు. నాలుగు నెలల కింద తల్లి పోతే సెలవు దొరక్క వెళ్లలేకపోయిన మనిషి, ఆ తర్వాత ఎవరితోనూ సరిగా మాట్లాడింది లేదు. ఆవిడ బతికినన్నాళ్లూ తొమ్మిది గజాల గోచి చీరే కట్టిందట, తెల్లవాళ్లకు బట్టలమ్మింది మనవాళ్లే కాబట్టి మాట కూడా మనదేనట. ఆ వాదన ఎంత వింతైనా, ఆయన గొంతు విన్నందుకే మాకందరికీ సంతోషమేసింది.

సారును అడిగి రమ్మని నా మీద పడ్డారు. అడగడానికి భయం కాదుగానీ, కాంక్రీటు బండే అని ఆయనంటే మేస్త్రి మళ్లీ మూల చేరతాడని నా బెంగ. అయినా మర్నాడు టీ వేళ అడిగేశాను. ఆయన నవ్వి, తెలియదన్నాడు. రోడ్లు వేసే తన తండ్రి ఎప్పుడూ అనేవాడనీ, ఆయన పోయాక తనకూ అలవాటైందనీ చెప్పాడు.

సాయంత్రం రూములో అందరూ కాచుకుని ఉన్నారు.

"సారుకు గూడ తెల్వదట అన్నా. వాళ్ల నాయిన అనేటోడట," అని మేస్త్రితో చెప్పాను.

"నాయిన ఉన్నడా?" అన్నాడు మేస్త్రి.

లేడన్నాను. మర్నాడు టీ వేళకు ఆయన నాతోపాటు సారు గదికి వచ్చి, వచ్చిన హిందీలో తల్లి సంగతంతా చెప్పాడు. నా అరకొర ఇంగ్లీషులో నేను అందించాను. సారు తన తండ్రి సంగతి చెప్పాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆ గదిలో మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఏ మాటకైనా అర్థమో పుట్టుకో కావాలంటే ఫోన్లో వెతికితే చాలు, మరో మనిషి గడప తొక్కక్కర్లేదు. సుఖమే, కాదనను. కానీ నాలుగు నెలలు నోరు విప్పని మనిషి చేత మాట్లాడించే సాకులు కూడా అలా ఒక్కొక్కటే పోయాయేమోనని దిగులేస్తుంది.