కన్నీటి సుడి

పోయిన ఆదివారం ఈ ఇంగ్లీషువాళ్ల దేశంలో, స్టాన్‌మోర్ అవతల ఒక గుర్రాల సాలలో మా మనవరాలి పక్కన నిలబడ్డాను. ఆసుపత్రి డ్యూటీల్లో సెలవు దొరికితే చాలు, మా డాక్టరమ్మ అక్కడే ఉంటుంది. వారానికి రెండు రోజులు తను స్వారీ చేయడానికి ఒక గుర్రాన్ని ఎంచుకోవాలట. రెండు చూపించారు. ఒకటి నల్లగా, ఎత్తుగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. రెండోది మట్టిరంగు పొట్టి ఆడగుర్రం. దాని ఎడమ కంటి కింద వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. కన్నీటి సుడి! కోటు కాలరు పైకి లాక్కుని రెండడుగులు వెనక్కేశాను. "వాట్ హ్యాపెండ్, తాతా?" అంది పిల్ల. చలి అన్నాను.

చలి కాదు. అనంతపురం వైపు మా మేనమామ ఒక దొర దగ్గర గుర్రాలు చూసేవాడు. దొరంటే తెల్లవాడు కాదు, జమీ పోయినా దర్జా పోని మనవాడే. వేరుశనగ చేలను అడవిపందులు కుళ్లగిస్తుంటే, గుర్రమెక్కి బల్లెంతో వాటిని తరమడం ఆయన సరదా. సరదా ఆయనది, ముందు దూకి పందిని మళ్లించే పని మామది. ఇక్కడి లైబ్రరీల్లో ఆ వేట మీద పుస్తకాలు చదివాను. గుర్రం ఎత్తు ఎంతుండాలో, మెడ ఎట్లుండాలో పేజీలకు పేజీలు రాశారు గానీ, దాన్ని ఏరి, మేపి, తన ఒళ్లు ఒడ్డి మచ్చిక చేసినవాడి పేరు ఒక్కచోటా లేదు. ఒళ్లు మండిపోతుంది. అయినా, వాళ్లను తిట్టేముందు నన్ను నేను తిట్టుకోవాలి.

ఒక యేడు మామ ఎక్కడానికి కొత్త గుర్రం కావలసి వచ్చింది. సంతలో ఇద్దరం రెండింటి దగ్గర ఆగాం. ఇట్లాగే ఒక నల్లది, ఒక పొట్టిది. మామ సంచిలోంచి ఎండిన పందితోలు తీసి వాటి ముందు ఈడ్చాడు. నల్లది బుసకొట్టి పక్కకు జరిగింది. పొట్టిది చెవులు నిక్కించి, నాలుగడుగులు ముందుకేసి తోలును వాసన చూసింది.

"ఇదేరా అల్లుడా! పందికి బెదరదు, కాలు యాడ పెడతాండేదీ సూసుకుంటాది. ఇంకేం గావల్ల మనకు?"

నాకప్పుడు ఇరవై. బడి గడప తొక్కకపోయినా కూడబలుక్కుని చదవడం నేర్చానన్న పొగరు, జేబులో గుర్రపు సుడుల పుస్తకం. "వద్దు మామా! కంటి కింద సుడుంటే ఎక్కినోడి ఇంట్లో ఏడుపేనని అచ్చులో ఉంది. నల్లదాని నుదుట రాజసుడి చూడు" అన్నాను. మామకు అక్షరం రాదు. అందుకే అక్షరమంటే భయం, భక్తి. పొట్టిదాని మెడ ఒకసారి నిమిరి, "సదువుకున్నోడివి, నీకు తెలీకుండా ఉంటాదా" అని నల్లదాని పగ్గం అందుకున్నాడు.

మొదటి వేటలోనే పంది వెనక్కి తిరిగి మీదికొచ్చింది. నల్లది వెనక్కాళ్ల మీద లేచి, మామను రాళ్లలో పడేసి పారిపోయింది. పంది కోర తొడను చీల్చింది. బతికాడు గానీ మళ్లీ గుర్రమెక్కలేదు. మంచం మీద నుంచే నవ్వి, "ఆ పుస్తకం రాసినోడు పందిని సూసుండడులే అల్లుడా" అన్నాడు.

ఇక్కడ సాల యజమానురాలు నల్లదాన్ని "పర్ఫెక్ట్ జెంటిల్‌మన్" అని పొగుడుతోంది. పందితోలు లేదు కాబట్టి జేబులోని ప్లాస్టిక్ బ్యాగు తీసి దూరం నుంచే విదిలించాను. జెంటిల్‌మన్ ఎగిరిపడ్డాడు. ఆవిడ ముఖం మాడింది. "తాతా, ప్లీజ్, డోంట్ స్టార్ట్!" అంది మనవరాలు. ఈలోగా పొట్టిది వచ్చి బ్యాగుకు మూతి ఆనించింది.

"దిస్ వన్, తాతా. ఓకేనా?"

సుడి నన్నే చూస్తోంది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, ఓకే అన్నాను. పిల్ల హెల్మెట్ బిగించుకుని ఎక్కింది. కంచె మలుపు తిరిగి కనబడకుండా పోయి, మళ్లీ ఇటు తేలేదాకా నేను కంచె కర్రను వదల్లేదు. ఆ పుస్తకాన్ని మామ పడిన రోజే పొయ్యిలో పెట్టాను. అది పెట్టిన భయం కాలిపోవడానికి మాత్రం అరవై ఏళ్లు చాలలేదు.