ష్యూర్ అన్న తరువాత

శనివారం మధ్యాహ్నం బడి నడిపే ప్రతాప్ సారు టీచర్ల గ్రూపులో ఇంగ్లిషు మెసేజి పెట్టారు. ఆదివారం అందరూ ఊళ్లు తిరిగి అడ్మిషన్లు చేయించాలి. ఒప్పుకున్నట్టు వెంటనే జవాబివ్వాలి. రానివాళ్లు వచ్చే ఏడాది బడికే రానక్కర్లేదని మొన్నటి మీటింగులోనే చెప్పేశారు.

సుజాత రఘునాథపల్లిలోని ఆ ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ టీచరు. ఆదివారమే చిట్యాలలో చెల్లెలు సుశీల ప్రధానం, అంటే పెళ్లి నిశ్చయం. తల్లి లేని పిల్ల. చీర కట్టి పాస్టరు ముందు కూర్చోబెట్టాల్సింది సుజాతే.

గ్రూపులో జవాబులు పడుతున్నాయి. యెస్ సర్. నోటెడ్ సర్. యెస్ అంటే మాట ఇచ్చేసినట్టే. ఓకే అన్నందుకు సారు తోటి టీచరు వేణును ఒకసారి కసిరారు. నోటెడ్ అంటే విన్నానని మాత్రమేనని చెప్పిన మమత, తను మాత్రం ష్యూర్ పెట్టింది. ఎందుకు? ఇంట్లో అయితే ఇన్ని లేవు. ఎవరేమన్నా 'ఆఁ' అంటే సరిపోతుంది.

బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్త లచ్చవ్వ తలెత్తింది. "గంతసేపేం జూస్తున్నవే ఫోన్ల?"

"ఒప్పుకోవాలె అత్తమ్మా. ఎట్ల ఒప్పుకోవాల్నో తెలుస్తలేదు. రేపు పోవుడైతే కాదు."

"దానికింత పరేషానా? పత్తి ఏరనీకి వస్తమని మాటిచ్చినంక జరమొస్తే, ఇంట్లకెల్లి ఇంకోల్లు పోతలేరా? ఒప్పుకో. రేపు నేను పోత."

వాడలో ఎప్పుడూ జరిగేదే. మాట ఇంటిది, మనిషి ఎవరైనా ఒకటే. సుజాతకు ఊపిరాడింది. ష్యూర్ సర్ అని పంపేసింది.

మరునాడు చిట్యాలలో పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే ఫోను వణికింది. కొంగు చాటున చూసింది. వ్యాను ముందు టీచర్లంతా నిలబడ్డ ఫోటో. నడుమ లచ్చవ్వ, చంకలో కరపత్రాల కట్ట. కింద ప్రతాప్ సారు రాసింది ఒకటే మాట: ఫైన్.

బాగుందనా? కానీయ్, చూస్తాలే అనా? అందరూ ఆమెన్ అన్నాక సుజాత ఒక్కతే వెనకబడి అంది.

రాత్రి గడపలోనే అడిగింది. "సారు కోపం మీదున్నడా అత్తమ్మా?"

"కోపమెందుకు? ఛాయ్ తాపిండు. వచ్చే ఆదివారం గూడ రమ్మన్నడు."

"ఎవల్ని? నిన్నా, నన్నా?"

లచ్చవ్వ కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసుకుంది.

"గదైతే అడగలే బిడ్డా. ఆఁ అన్న."